నలుగురే ద్వేషించే ఊళ్ళో భయం, నలభై మంది ద్వేషించే ఊళ్ళో ధీమా: యూదు ద్వేషం లెక్కలు ఎందుకు కుదరవు

ముందు రెండు అంకెలు చెప్తాను, ఈ విషయంలో నన్ను మొదట తికమక పెట్టినవి అవే. అమెరికాలో యాంటీ డిఫమేషన్ లీగ్ అని ఒక యూదు సంస్థ ఉంది, వాళ్ళు 2014లో వందకు పైగా దేశాల్లో 53 వేల మందిని పలకరించి, యూదుల గురించి లోకంలో తిరిగే పదకొండు మాటలు (వ్యాపారమంతా వాళ్ళ చేతుల్లోనే ఉంది లాంటివి) వినిపించి, వీటిలో మీరు నిజమనుకునేవి ఎన్ని అని అడిగారు. ఆరు, అంతకు మించి నిజమన్నవాళ్ళని యూదు ద్వేషుల కింద రాసుకున్నారు. స్వీడన్‌లో అలాంటివాళ్ళు నూటికి 4. హంగరీలో 41.

ఇది చూస్తే ఏమనిపిస్తుంది? యూదుడైతే స్వీడన్‌లో పుట్టాలి, హంగరీ నుంచి పెట్టె సర్దుకోవాలి అనిపిస్తుంది కదా.

ఇప్పుడు అవతలి వైపు నుంచి చూద్దాం. యూరోపియన్ యూనియన్‌కి వియన్నాలో ఒక ప్రాథమిక హక్కుల ఏజెన్సీ ఉంది. అది జనాన్ని కాదు, నేరుగా యూదుల్నే అడుగుతుంది: మీ దేశంలో యూదు ద్వేషం పెద్ద సమస్యేనా అని. 2012లో ఒకసారి, 2018లో 12 దేశాల్లో 16 వేల మందికి పైగా, మళ్ళీ 2023లో అడిగింది. స్వీడన్ యూదుల్లో అవునన్నవాళ్ళు 2012లో 60 శాతం, 2018కి 82 శాతం. హంగరీలో అదే కాలంలో 90 నుంచి 77కి దిగింది. అంటే ద్వేషించేవాళ్ళు పదింతలు తక్కువున్న దేశంలో భయం ఎక్కువ, పైగా పెరుగుతోంది.

ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నారని తేల్చేయడం సులువు. చాలామంది అదే చేస్తారు, "వీళ్ళది అతి" అని ఒకరు, "ఆ సర్వేలో జనం మనసులో మాట దాచుకున్నారు" అని ఒకరు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తాయి, ఎందుకంటే రెండు సర్వేలూ ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువుల్ని కొలుస్తున్నాయి.

మనకి తెలిసిన ఉదాహరణతో చెప్తాను. హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటున్నారు. కాలనీలో వంద ఇళ్ళుంటే, కులం పేరో మతం పేరో చెప్పి మొహం మీదే తలుపేసే ఓనర్లు ఇద్దరే ఉండొచ్చు. కానీ "మీరు నాన్‌వెజ్ తింటారా?", "ఇంటి పేరేంటన్నారూ?" అని నవ్వుతూనే ఆరా తీసేవాళ్ళు ముప్ఫై మంది ఉండొచ్చు, వాళ్ళలో చాలామంది తమకి ఎవరి మీదా ద్వేషం లేదని ప్రమాణం చేసి చెప్తారు, అది నిజం కూడా. కాలనీని సర్వే చేస్తే ఇద్దరే తేలతారు. ఇల్లు వెతుక్కునేవాడికి మాత్రం మూడో గుమ్మం దగ్గరే ఆ ప్రశ్న ఎదురవుతుంది.

లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ జ్యూయిష్ పాలసీ రీసెర్చ్ 2017లో సరిగ్గా ఈ చిక్కునే విప్పింది. బ్రిటన్‌లో కరడుగట్టిన యూదు ద్వేషులు 2 శాతం చిల్లర, కాస్త మెతకవాళ్ళని కూడా కలిపితే 5 శాతం. అయితే యూదులకు నొప్పి కలిగించే మాటల్లో కనీసం ఒకదాన్ని నమ్మేవాళ్ళు మాత్రం 30 శాతం. ఆ ముప్ఫై మందినీ ద్వేషులు అనకూడదని పరిశోధకులే గట్టిగా చెప్పారు. ఎక్కడో విన్నదాన్ని తలలో మోస్తున్నవాళ్ళు, అంతే. కానీ ఒక యూదుడికి ఆఫీసులోనో, పెళ్ళి విందులోనో, టాక్సీలోనో అలాంటి మాట తగిలే అవకాశం నిర్ణయమయ్యేది 2తో కాదు, 30తో.

అలాగని దీంతో స్వీడన్ చిక్కు పూర్తిగా తీరదు. మాల్మో సంగతి తీసుకోండి. దక్షిణ స్వీడన్‌లో ఓడరేవు పట్నం, నాజీల కాలంలో డెన్మార్క్ నుంచి పడవల్లో తప్పించుకున్న యూదులకి నీడనిచ్చిన తీరం అది. ఇప్పుడు అక్కడి యూదు సంఘంలో మిగిలింది కొన్ని వందల మంది. 2009లో స్వీడన్, ఇజ్రాయెల్ మధ్య డేవిస్ కప్ టెన్నిస్ పోటీని గొడవలవుతాయన్న భయంతో ప్రేక్షకులే లేకుండా ఆడించాల్సి వచ్చింది. ఆ తర్వాత యూదులూ, వాళ్ళకి తోడుగా యూదులు కానివాళ్ళూ నెత్తిన కిప్పా, అంటే ఆ చిన్న గుండ్రటి టోపీ, పెట్టుకుని వీధుల్లో నడక యాత్రలు చేశారు. టోపీ పెట్టుకుని నాలుగు వీధులు నడవడం ఒక నిరసన కార్యక్రమం అయిందంటేనే ఆ ఊళ్ళో పరిస్థితి అర్థమవుతుంది. దేశమంతటా సగటున 4 శాతం అనే అంకెకి ఒక ఊరూ, ఆ ఊళ్ళో ఒక పేటా, ఆ పేటలో టీవీలో గాజా వార్తలు వచ్చే సాయంత్రమూ కనిపించవు.

హంగరీ కథ తిరగేసి ఉంటుంది. బుడాపెస్ట్‌లో డోహాన్ వీధి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, యూరప్ మొత్తంలోకే పెద్దది. 1944లో కొద్ది వారాల్లోనే నాలుగు లక్షల మందికి పైగా యూదుల్ని రైళ్ళెక్కించి, ఎక్కువమందిని నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి పంపిన దేశం ఇది. 2010లో యోబ్బిక్ అనే తీవ్ర జాతీయవాద పార్టీ పార్లమెంటులో అడుగుపెట్టింది, 2012 నవంబరులో ఆ పార్టీ ఎంపీ ఒకాయన దేశ భద్రతకి ముప్పు అనదగ్గ యూదుల జాబితా తయారు చేయాలని సభలోనే అడిగాడు. జాబితా! ఆ మాట వినగానే అక్కడి ముసలివాళ్ళకి ఎలా ఉండుంటుందో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత్తర్వాత ఆ పార్టీ ఓట్ల కోసం గొంతు తగ్గించింది, భయం కొంత దిగింది. వీధిలో కిప్పా పెట్టుకుని తిరిగితే పారిస్ శివార్లలో కన్నా బుడాపెస్ట్‌లోనే నయం అనే యూదులు ఉన్నారు. అదే బుడాపెస్ట్‌లో 2017లో ప్రభుత్వం ఊరంతా, హంగరీలో పుట్టిన యూదు కోటీశ్వరుడు జార్జ్ సొరోస్ నవ్వు మొహంతో, చివరి నవ్వు అతన్ని నవ్వనివ్వొద్దని పోస్టర్లు అంటించింది. పోస్టర్ మీద ఎక్కడా యూదుడు అన్న మాట లేదు. అక్కడి యూదు సంఘాల సమాఖ్య మాత్రం వాటిని తీసేయమని వేడుకుంది. తెర వెనక నుంచి దేశాన్ని ఆడించే డబ్బున్నవాడు అనే బొమ్మ వాళ్ళకి కొత్త కాదు మరి. అదే సర్కారుకి ఇజ్రాయెల్‌తో దోస్తీ గట్టిది. కాబట్టి హంగరీ యూదుడికి వీధిలో దెబ్బలు పడతాయన్న భయం తక్కువ, గోడ మీద బొమ్మ చూసినప్పుడు కలిగే బెంగ ఎక్కువ. సర్వేలో రెండూ ఒకే గడిలో టిక్కు.

ఫ్రాన్స్‌కి వద్దాం, ఎందుకంటే యూరప్‌లో యూదులు అందరికంటే ఎక్కువ ఉన్నది అక్కడే, దాదాపు నాలుగున్నర లక్షలు. వాళ్ళలో పెద్ద భాగం అల్జీరియా, ట్యునీషియా, మొరాకోల నుంచి వచ్చిన కుటుంబాలు. అల్జీరియా యూదులకి ఫ్రెంచి పౌరసత్వం 1870లోనే వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధకాలంలో, నాజీలతో చేతులు కలిపిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వం దాన్ని లాగేసుకుంది, తర్వాత తిరిగిచ్చారు, 1962లో అల్జీరియా స్వతంత్రం కాగానే ఇల్లూ వాకిలీ వదిలి ఓడెక్కారు. అంటే ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఎప్పుడైనా చెల్లకుండా పోవచ్చని తాతల కాలం నుంచే తెలిసినవాళ్ళు. 2006లో, యూదులంటే డబ్బుంటుంది అనే ఒకే ఒక్క నమ్మకంతో ఒక ముఠా ఫోన్ల షాపులో పనిచేసే కుర్రాడిని ఎత్తుకెళ్ళి మూడు వారాలు చిత్రహింసలు పెట్టి చంపింది. వాళ్ళది మామూలు కుటుంబం. పైన చెప్పిన పదకొండు మాటల్లాంటిది ఒక్కటి ఎంతదాకా పోగలదో అప్పుడు తెలిసింది. 2012లో టూలూజ్‌లో యూదు బడి ముందు ముగ్గురు పిల్లల్నీ ఒక ఉపాధ్యాయుణ్ణీ కాల్చేశారు, 2015 జనవరిలో పారిస్‌లో యూదు కిరాణా సూపర్‌మార్కెట్‌లో నలుగురిని. 2014, 2015ల్లో ఏడాదికి ఏడు వేలకు పైగా ఫ్రెంచి యూదులు ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు.

అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి. ఇజ్రాయెల్‌కి వలస పోవడాన్ని యూదులు అలియా అంటారు. ఫ్రాన్స్‌లో "లోపలి అలియా" అనే మాట పుట్టింది: దేశం వదలరు, పారిస్ ఉత్తరాన సేన్-సాన్-దెని లాంటి పేటలు వదిలి, నగరంలో పడమటి వైపు కాస్త భద్రమనిపించే చోటికి మారతారు, పిల్లల్ని సర్కారు బడి మాన్పించి యూదు బడిలోనో క్రైస్తవ బడిలోనో వేస్తారు. ఇది ఏ పోలీసు లెక్కలోకీ రాదు, ఎందుకంటే నేరం ఏదీ జరగలేదు.

పోలీసు లెక్క అన్నాక జర్మనీ గురించి చెప్పాలి. అక్కడి పోలీసుల రికార్డుల్లో చాలా ఏళ్ళపాటు యూదు వ్యతిరేక నేరాల్లో 90 శాతానికి పైగా తీవ్ర మితవాదుల (ఫార్ రైట్ అనే జాతివాదుల) ఖాతాలోనే పడేవి. 2018 సర్వేలో జర్మనీ యూదుల్ని, మిమ్మల్ని వేధించినవాళ్ళెవరు అని అడిగితే అందరికంటే ఎక్కువగా వచ్చిన జవాబు ముస్లిం తీవ్రవాద భావాలున్నవాళ్ళు అని. దీని మీద రాజకీయంగా ఎంత రచ్చ అయిందో ఊహించుకోవచ్చు, ఎవరికి కావలసిన లెక్కని వాళ్ళు పట్టుకున్నారు. అసలు సంగతి కొంత మామూలుది: గోడ మీద స్వస్తిక గీసినవాడు దొరక్కపోతే ఆ కేసుని మితవాదుల కిందే రాసుకునే అలవాటు అక్కడ ఉండేది. పైగా పోలీసులు లెక్కపెట్టేది నేరాల్ని, యూదులు గుర్తుపెట్టుకునేది బస్సులో ఎవరో అన్న మాటని, స్కూల్లో పిల్లవాడికి ఎదురైన తిట్టుని. అయితే 2019 అక్టోబరులో హాలే పట్నంలో, ఏడాదిలోకెల్లా పవిత్రమైన యోమ్ కిప్పుర్ రోజున సినగాగ్ మీదికి తుపాకీ తెచ్చినవాడు మితవాద జర్మన్ యువకుడే. చెక్క తలుపు బద్దలు కాలేదు కాబట్టి లోపలున్న యాభై మందీ బతికారు, బయట దారినపోయే ఒకామె, దగ్గర్లోని కబాబ్ షాపులో ఒక యువకుడు చనిపోయారు. ఒక దేశంలో ద్వేషం ఒక్క వైపు నుంచే వస్తుందని చెప్పేవాళ్ళని, వాళ్ళు ఏ వైపు వాళ్ళయినా సరే, నేను అంత తేలిగ్గా నమ్మను.

జర్మనీలో ఉన్న యూదుల్లో చాలామంది 1991 తర్వాత సోవియట్ భూముల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి యూదు ద్వేషం అంటే ఇంకో అర్థం. సోవియట్ అంతర్గత పాస్‌పోర్ట్‌లో జాతి రాసే చోటు ఉండేది, దాన్ని వాడుకలో ఐదో గడి అనేవారు. అందులో యూదు అని ఉంటే మంచి విశ్వవిద్యాలయంలో సీటు, విదేశీ ప్రయాణం, ప్రమోషన్ అన్నీ కష్టమే. మాస్కో విశ్వవిద్యాలయం గణిత విభాగంలో 1970ల, 80ల ప్రాంతంలో యూదు విద్యార్థులకి మౌఖిక పరీక్షలో వేరే లెక్కలు ఇచ్చేవారు, జవాబు చూడటానికి చిన్నదే, కానీ ఆ కొద్ది నిమిషాల్లో తట్టడం దాదాపు అసాధ్యం. వాటికి విద్యార్థులు పెట్టుకున్న పేరు శవపేటికలు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, లెక్క రాలేదు కాబట్టి ఫెయిల్. అలాంటి చోటి నుంచి వచ్చిన పెద్దాయనకి బెర్లిన్ వీధిలో తాగుబోతు వాగుడు పెద్ద విషయంగా అనిపించకపోవచ్చు, ఆయన మనవరాలికి మాత్రం అదే మొదటి దెబ్బ. ఒకే ఇంట్లో రెండు జవాబులు!

దేనితో పోల్చుకుంటున్నామన్నదే ఇక్కడ కీలకం అనుకుంటాను. అమెరికాలో 75 లక్షల మంది యూదులున్నారు, ఇక్కడ ఇలాంటివి జరగవు అనే ధీమాతో రెండు మూడు తరాలు బతికారు. 2017లో షార్లట్స్‌విల్‌లో కాగడాలు పట్టుకున్నవాళ్ళు యూదులు మా స్థానంలోకి రాలేరు అని అరిచారు, మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని చంపారు. జనాభాలో యూదులు 2 శాతం చిల్లర, ఎఫ్‌బీఐ లెక్కకొచ్చే మత ద్వేష నేరాల్లో సగానికి పైగా వాళ్ళ మీదే. అర్జెంటీనాలో అయితే 1994 జులై 18 ఉదయం 9 గంటల 53 నిమిషాలకి బ్యూనస్ ఎయిర్స్‌లో యూదు సంఘ భవనం బాంబుతో కూలి 85 మంది పోయారు. ఇప్పుడు ఆ నగరంలో యూదు బడి, సినగాగ్, క్లబ్బు ఏదైనా సరే ముందు కారు దూసుకురాకుండా కాంక్రీటు దిమ్మెలుంటాయి. బోర్డు చదవక్కర్లేదు, దిమ్మెల్ని చూసి ఇది యూదులదని జనం గుర్తుపడతారు. అక్కడ పెరిగిన పిల్లలకి అవి కరెంటు స్తంభాల్లాగా మామూలు. మీకు భయమేస్తుందా అని వాళ్ళని అడిగితే వచ్చే జవాబుని, ఓహియోలో తొలిసారి సినగాగ్ గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ చూసినామె జవాబుని ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టగలమా?

ఇక మాట్లాడకపోవడమే పద్ధతిగా పెట్టుకున్న దేశాలున్నాయి. టర్కీ యూదులు 1492లో స్పెయిన్ తరిమేస్తే ఒట్టోమన్ నేలకి వచ్చినవాళ్ళ సంతతి, వాళ్ళ పాత భాష లదీనోలో కయాదెజ్ అని ఒక మాట ఉంది. గుట్టుగా ఉండటం, నోరు మెదపకపోవడం అని అర్థం. ఇస్తాంబుల్‌లోని నేవె షాలోమ్ సినగాగ్‌లో 1986లో 22 మందిని కాల్చి చంపారు, 2003లో మళ్ళీ బాంబు. అయినా బయటివాళ్ళు అడిగితే, ఐదు వందల ఏళ్ళుగా హాయిగా ఉన్నాం అనే మాటే సంఘం పెద్దల నుంచి ఎక్కువగా వినిపించేది. ఇరాన్‌లో 1979 విప్లవానికి ముందు ఎనభై వేల పైచిలుకు ఉన్న యూదులు ఇప్పుడు పది వేల లోపు. వాళ్ళకి పార్లమెంటులో ఒక సీటుంది, టెహ్రాన్‌లో సినగాగ్‌లు నడుస్తాయి. విప్లవం వచ్చిన కొత్తలో సంఘం పెద్దల్లో ఒకరైన హబీబ్ ఎల్ఘానియన్ని ఉరితీయకుండా తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలు చేశారు, వెంటనే యూదు పెద్దలు విప్లవ నాయకుడు ఖొమేనీని కలిసి, యూదులు వేరు జయోనిస్టులు (యూదులకంటూ ఇజ్రాయెల్ దేశం ఉండాలనేవాళ్ళు) వేరు అనే మాట ఆయన నోట అనిపించుకుని బయటపడ్డారు. ఆ గీత లోపల ఉన్నంతసేపు బతుకు నడుస్తుంది. అక్కడి యూదుణ్ణి మైకు ముందు నిలబెట్టి మీకు ఇబ్బందులున్నాయా అని అడిగి, లేవన్నాడు చూశారా అని వీడియో పెట్టేవాళ్ళని చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇప్పటిదాకా తప్పించుకుంటూ వచ్చాను కానీ ఇజ్రాయెల్ మాట ఎత్తకుండా కుదరదు. ఎక్కడ విమర్శ ఆగి ద్వేషం మొదలవుతుంది? ఐహెచ్ఆర్ఏ అనే అంతర్జాతీయ కూటమి 2016లో ఒక నిర్వచనం ఇచ్చింది, అందులో ఇచ్చిన ఉదాహరణల్లో చాలావరకు ఇజ్రాయెల్‌కి సంబంధించినవే. దాంతో పాలస్తీనా గురించి మాట్లాడేవాళ్ళ నోరు నొక్కుతున్నారని అభ్యంతరాలొచ్చి, 2021లో రెండు వందల మంది దాకా పండితుల సంతకాలతో జెరూసలేం డిక్లరేషన్ అనే ఇంకో నిర్వచనం వచ్చింది, వాళ్ళలో యూదులు కూడా బోలెడంతమంది. అంటే దేన్ని యూదు ద్వేషం అనాలో యూదుల మధ్యే ఒప్పందం లేదు. న్యూయార్క్‌లో కాల్పుల విరమణ కోరుతూ రోడ్డెక్కిన యూదు విద్యార్థినీ, ఆ ఊరేగింపులో నినాదాలు విని వణికిన ఇంకో యూదు విద్యార్థినీ ఉన్నారు. నా లెక్క చాలా మోటుది: ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని దాని రాయబార కార్యాలయం ముందు తిడితే అది రాజకీయం, లండన్‌లో యూదు బడికి వెళ్ళే పదేళ్ళ పిల్లని ఆపి గాజాకి జవాబు చెప్పమంటే అది వేరే. మధ్యలో బూడిద రంగు చాలా ఉంది, ఒప్పుకుంటాను. హమాస్ దాడి, దాని వెంట గాజా యుద్ధం మొదలైన 2023లో బ్రిటన్ యూదుల భద్రతా సంస్థ సీఎస్‌టీ నమోదు చేసిన ఘటనలు నాలుగు వేలు దాటాయి, అంతకు ముందు ఏడాది 1,662. 2025 అక్టోబరులో, మళ్ళీ యోమ్ కిప్పుర్ రోజే, మాంచెస్టర్ సినగాగ్ మీద దాడిలో ఇద్దరు పోయారు. అదే ఏడాది డిసెంబరులో సిడ్నీ బోండై బీచ్‌లో హనుక్కా పండగ జరుపుకుంటున్నవాళ్ళ మీద కాల్పుల్లో 15 మంది.

ఈ అంకెలన్నీ బయటికి చెప్పుకున్నవే అని మర్చిపోకూడదు. 2018 యూరప్ సర్వేలో, వేధింపు ఎదురైనవాళ్ళలో 79 శాతం ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. చెప్పి ఏం లాభం అనే మాట ఏ భాషలోనైనా ఒకటే. 2023 సర్వేలో నూటికి 76 మంది అప్పుడప్పుడైనా తాము యూదులమని తెలియకుండా దాచుకుంటామన్నారు. మెడలో దావీదు నక్షత్రం చొక్కా లోపలికి, కిప్పా మీద బేస్‌బాల్ టోపీ, తలుపు చట్రానికి బిగించే మెజూజా అనే మత చిహ్నం గుమ్మం లోపలి వైపుకి. 2023 అక్టోబరు 7 హమాస్ దాడికి ముందే అడిగిన ప్రశ్నలివి. దాచుకున్నవాడికి వేధింపు ఎదురుకాదు, లెక్క తగ్గుతుంది, పరిస్థితి బాగుపడినట్టు కనిపిస్తుంది.

సర్వేకీ ఒక లోపం ఉంది. యూదు సంఘాలూ, మెయిలింగ్ జాబితాల ద్వారా ఇష్టపడి వచ్చి జవాబిచ్చినవాళ్ళ అభిప్రాయాలే ఇవి, సంఘంతో సంబంధం లేనివాళ్ళు తక్కువగా ఉంటారు. మరి పద్ధతిగా జనాభా జాబితా నుంచి ఎంచుకోవచ్చు కదా అంటే, చాలా దేశాల్లో అలాంటి జాబితా లేదు, ఉండకూడదని అక్కడివాళ్ళు కోరుకుంటారు కూడా. నెదర్లాండ్స్‌లో ఎవరి మతమేమిటో చక్కగా రాసుకున్న జనాభా రిజిస్టర్లు ఉండేవి, నాజీలకి అవి తేరగా దొరికాయి, 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా చంపబడ్డారు.

మన దేశం సంగతి? ఇండియాలో మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదని కొచ్చి యూదులూ, కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ వాళ్ళూ తరతరాలుగా చెప్తూనే ఉన్నారు, అది నిజమే. కొచ్చి పరదేశి సినగాగ్‌ని 1662లో తగలబెట్టింది పోర్చుగీసువాళ్ళు. 2008లో ముంబయి నారిమన్ హౌస్‌లో ఆరుగురిని చంపినవాళ్ళు సరిహద్దు అవతలి నుంచి వచ్చారు. బెనె ఇజ్రాయెల్ వాళ్ళకి పెద్ద అవమానం జరిగింది ఇజ్రాయెల్ వెళ్ళాక, 1960ల మొదట్లో, మీరు అసలు యూదులేనా, పెళ్ళికి మీ వంశం నిరూపించండి అని అక్కడి మతపెద్దలు అడిగినప్పుడు. ఇంత మంచి పేరున్న మనకి యూదుల గురించి తెలిసింది మాత్రం బైబిల్లోంచో యుద్ధం వార్తల్లోంచో వచ్చింది. గట్టిగా అరిచే హెడ్‌మాస్టర్‌కి హిట్లర్ అని ముద్దుగా పేరు పెట్టుకుంటాం, అతని ఆత్మకథ పుస్తకాల ఫుట్‌పాత్ మీద వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కనే అమ్ముతాం. ద్వేషంతో కాదు. ఆ పేరు విని ఉలిక్కిపడేవాళ్ళు మన పక్కింట్లో లేరు కాబట్టి.

పక్కింట్లో లేరుగానీ పక్క జిల్లాలో ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని కొన్ని డజన్ల తెలుగు కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుంటాయి. మాదిగ కుటుంబాలు, ముందు క్రైస్తవులుగా ఉండి 1980ల చివర్లో యూదు ఆచారాలకి మళ్ళారు, చిన్న సినగాగ్ కట్టుకున్నారు, శనివారం ప్రార్థన చేసుకుంటారు. ఇజ్రాయెల్ వాళ్ళని ఇంకా యూదులుగా గుర్తించలేదు. 2000ల దశకంలో మాత్రం ఉగ్రవాదులు వీళ్ళని గురి పెట్టారన్న వార్తలు వచ్చాయి. ఈ కుటుంబాల మధ్య ఉండి రాసిన పరిశోధకుల మాట ప్రకారం, దళితులుగా ఊళ్ళో పడ్డ వివక్షనీ యూదుల చరిత్రలో ఉన్న వివక్షనీ వీళ్ళు విడదీసి చూడరు, రెండూ ఒకే కథగా చెప్పుకుంటారు.